అజ్ఞాత గాయకుడి నిట్టూర్పు

సూక్ష్మంగారి అసలు పేరు ఆయన భార్యకూ బ్యాంకువాళ్ళకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. వారం వారం పత్రికలో రాసే శీర్షికలో ప్రతి రెండో పేరానూ "సూక్ష్మంగా వింటే" అని మొదలుపెట్టడం వల్ల పాఠకులే ఆ పేరు తగిలించారు. నిజానికి వెటకారానికే పెట్టారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించడంతో పెట్టినవాళ్ళ శ్రమంతా వృథా అయింది.

లోకం మరిచిపోయిన ఆల్బమ్‌లను వెతికి తెచ్చి, మరిచిపోయినందుకు లోకాన్ని చీవాట్లు పెట్టడం ఆ శీర్షిక పని. చీవాట్లు తినడం ఇష్టమున్న పాఠకులు ఎక్కడైనా ఉంటారు కాబట్టి శీర్షిక బాగానే నడిచింది. ఒక ఆల్బమ్‌ను ఎంత తక్కువమంది విని ఉంటే సూక్ష్మంగారికి అంత ముద్దు. నలుగురూ విన్నది బజారు సరుకు, ఎవరూ విననిది కళాఖండం. పాడినవాడే పూర్తిగా వినలేదని తెలిస్తే ఇక ఆయన ఆనందానికి పట్టపగ్గాలుండేవి కావు. ఖర్మకాలి ఆయన మెచ్చిన ఆల్బమ్ నిజంగానే జనం నోళ్ళలో పడిందా, పై నెలకల్లా అందులోని లోపాలు కూడా ఆయనకే కనిపించేవి.

ఇంట్లో ముందుగది ఆయనది. గోడల నిండా అరలు, అరల నిండా రికార్డులు. భార్య ఆ గదిలోకి చీపురుతో రావాలంటే ముందు దగ్గి రావాలి. మధ్యలో బల్లమీద ప్లేయరు, దాని పక్కన చిన్న మీట. మీటను ఒకవైపు తోస్తే పళ్ళెం నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరుగుతుంది, ఇంకోవైపు తోస్తే నలభై అయిదు. పెద్ద రికార్డులన్నీ నెమ్మది వేగానివేననీ, నలభై అయిదు అనేది చిన్న పళ్ళేల మీద వచ్చే చిల్లర పాటల వేగమనీ సూక్ష్మంగారి సిద్ధాంతం. అందుకని ఎప్పుడో మీటను నెమ్మది వైపుకు తోసి, మళ్ళీ కదలకుండా టేపు అంటించేశారు. వచ్చినవాళ్ళకు ఆ టేపు చూపించి, ఈ ఇంట్లో తొందరపాటు సంగీతానికి చోటు లేదని చెప్పేవారు. వచ్చినవాళ్ళు కాఫీ కోసం ఎదురుచూస్తూ తలలూపేవారు.

ఆ ఇంటికి తరచూ వచ్చేవాళ్ళలో వదిన ఒకరు. సూక్ష్మంగారి భార్యకు సొంత అక్క, కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. పెళ్ళిలోనే ఎవరో ఆయన చెవిన వేశారు, పెద్దమ్మాయి ఒకప్పుడు పాటలు పాడి రికార్డు కూడా చేసిందని. సూక్ష్మంగారు దయగా నవ్వి, తప్పకుండా వినాలి అన్నారు. తరవాత పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు, ఇల్లు మారింది, ఆయన జుట్టు ఊడింది. వినడం మాత్రం కుదరలేదు. మరుగున పడ్డ ఆల్బమ్ అనేది ముక్కూమొహం తెలియనివాళ్ళు చేయాల్సిన పని, చుట్టాలు చేస్తే అది ఉత్త చుట్టాల ముచ్చట అని ఆయన నమ్మకం. వదిన కూడా ఏనాడూ గుర్తుచేయలేదు.

వదినగారి భర్త, అంటే ఆయన తోడల్లుడు, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. భోజనాల దగ్గర ఏదో ఒకటి అని తానే ముందు నవ్వేవాడు. ఆ నవ్వు ఎక్కిళ్ళలా మొదలై, గొంతులో రెండు మూడుసార్లు దొర్లి, ఒక్కసారిగా బయటపడేది. బల్లమీద గ్లాసులు కదిలేవని పిల్లలు చెప్పుకునేవారు. సున్నితమైన చెవులున్న తనకు అది పడదని సూక్ష్మంగారు భార్యతో గొణిగేవారు. నాలుగేళ్ళ కిందట ఆ మనిషి గుండెపోటుతో పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో భోజనాలు సూక్ష్మంగారు కోరుకున్నంత నిశ్శబ్దంగా జరుగుతున్నాయి.

ఇక రికార్డు సంగతి. పాత రికార్డులు అమ్మే దుకాణదారు ఒకరోజు ఫోన్ చేసి, మూతబడ్డ స్టూడియో గోడౌన్ నుంచి తడిసిన అట్టపెట్టె ఒకటి వచ్చిందన్నాడు. సూక్ష్మంగారు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తారు. పెట్టెలో అన్నీ బూజుపట్టి పాడైపోయాయి, ఒక్కటి తప్ప. పెద్ద పళ్ళెం, ఒంటికి కవరు లేదు, మధ్యలో ఉత్త తెల్ల లేబుల్, దానిమీద పేరూ ఊరూ ఏమీ లేవు. లేబుల్ పక్కన మాత్రం ఎవరో సూదితో 45 అని గీశారు. సూక్ష్మంగారు ఆ అంకెను భూతద్దంలో చాలాసేపు చూశారు. చూసి, పాడేనాటికి గాయకుడి వయసు అయి ఉంటుందని తేల్చారు.

ఇంటికి తెచ్చి, తన సిద్ధాంతం ప్రకారం నెమ్మదిగా తిప్పి విన్నారు. ఆరు పాటలు. బరువైన, బొంగురైన గొంతు. గిటారు తీగలు నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టు ఈడ్చుకుంటూ సాగాయి. మూడో పాటలో ఆ గొంతు, వానలో తిరగబడ్డ గొడుగును తిడుతోంది. నమ్ముకుని నిన్ను వెంట తెచ్చుకుంటే నడివీధిలో నన్ను నానబెడతావా అని అడుగుతోంది. చివర్లో గిటారు తడబడి, గొంతు ఒక మాట మింగేసి, ఆ వెంటనే పాతాళంలోంచి వచ్చినట్టు రెండు మూడు విరుపులుగా పెద్ద మూలుగు. సూక్ష్మంగారి కళ్ళు చెమర్చాయి. ఆ మాట అబద్ధం కాదు. ఆయన నిజంగానే ఏడ్చారు, ఏడుస్తూనే కాగితం తీసుకున్నారు.

ఆ వారం శీర్షిక పేరు 'అజ్ఞాత గాయకుడు'. సూక్ష్మంగా వింటే ఇది నలభై అయిదుకే ముసలితనం మీదపడి జీవితం చివరి మెట్టు మీద నిలబడ్డ మగవాడి గొంతు అని రాశారు. గొడుగంటే గొడుగు కాదనీ, మనిషి నెత్తిమీద నుంచి తప్పుకున్న ఆకాశమనీ రాశారు. మూడో పాట చివరి నిట్టూర్పు లాంటిది రికార్డు చేసిన సంగీతంలో ఇంతవరకూ రాలేదనీ, ఇది విని కూడా కన్నీరు రానివాడు చెవుల వైద్యుణ్ణి కాదు, పూజారినో పాస్టరునో కలవాలనీ రాశారు. అది అచ్చయ్యేలోపే ముందుగదిలో పాట వింటూ భార్య అంది, ఈ గొడుగు మాటలు ఎప్పుడో చిన్నప్పుడు విన్నట్టుందని. గొప్ప సంగీతం అందరికీ అలాగే అనిపిస్తుందని ఆయన చెప్పారు. చెప్పి ఊరుకోకుండా, సంగీతపు గంధమే తెలియని గృహిణికి సైతం ఇది చిరపరిచితంగా తోచింది అని శీర్షికలో ఒక వాక్యం కూడా చేర్చారు.

ఆ తరవాత జరిగింది ఆయన కూడా ఊహించలేదు. శీర్షిక చదివి అడిగినవాళ్ళకు ఆయన పంపిన పాట నకళ్ళు ఫోన్ల మీద ఊరూరా తిరిగాయి. నిట్టూర్పును మాత్రం కత్తిరించి విడిగా పంపుకున్నారు. ఆఫీసుల్లో జీతం పెరగనివాళ్ళు, ప్రేమలో దెబ్బతిన్నవాళ్ళు దాన్ని ఫోన్ రింగ్‌టోన్‌గా పెట్టుకున్నారు. నగరంలో పేరున్న కవిగారు నిట్టూర్పు మీద దీర్ఘకవిత రాశారు. అది నిట్టూర్పు కంటే చాలా దీర్ఘంగా ఉంది. చివరికి ఒక చిన్న సంస్థ ఆ రికార్డును మళ్ళీ అచ్చువేస్తామనీ, పెద్ద హాల్లో సభ పెట్టి సూక్ష్మంగారి చేతుల మీదుగా విడుదల చేస్తామనీ ముందుకొచ్చింది. గాయకుడెవరో కనుక్కోవాలా అని సంస్థవాళ్ళు అడిగితే, తెలియకపోవడమే దాని అందం అన్నారు ఆయన.

సభకు పదిరోజుల ముందు, ఆదివారం, వదిన వచ్చింది. పాట ఇంత తిరిగినా, మామూలు ఫోన్ వాడే ఆవిడ చెవిన ఇంకా పడలేదు. వంటింట్లో చెల్లెలి పక్కన కూరలు తరుగుతోంది. ముందుగదిలో సూక్ష్మంగారు సభలో ఏ పాట తరవాత ఏది వేయాలో చూసుకుంటున్నారు. రెండో పాట నడుస్తుండగా వదిన తలుపు దగ్గరికొచ్చి, పాడేది ఎవరు, ఒంట్లో బాగాలేదా పాపం, అని అడిగింది. చెల్లెలు నవ్వింది. ఇలాంటివి అర్థం కావడానికి కొంత సాధన ఉండాలని సూక్ష్మంగారు ఓపికగా చెప్పబోయారు.

అంతలో మూడో పాట మొదలైంది. వదిన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. గొడుగు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో చాకు గుమ్మం పక్క స్టూలు మీద పెట్టి, తిన్నగా ప్లేయరు దగ్గరికి వెళ్ళి, గోరుతో టేపు ఊడదీసి, మీటను అటువైపు తోసింది. అది ముట్టుకోకూడదని చెప్పడానికి ఆయన లేచేలోపే పని అయిపోయింది.

పళ్ళెం వేగం అందుకుంది. బొంగురు గొంతు పైకి లేచి, ఎక్కడా ఆగకుండా పాతికేళ్ళ పిల్ల గొంతయింది. చిలిపిగా, చురుగ్గా, ఊపిరి తీసుకోవడానికి కూడా తీరికలేనట్టు గొడుగును దులిపేస్తోంది. నీళ్ళలో ఈదిన గిటారు ఇప్పుడు గెంతుతోంది. చివర్లో పిల్ల ఒక మాట మరిచిపోయి తడబడింది, గిటారు ఆగింది, ఎక్కిళ్ళలా ఏదో మొదలై, గొంతులో రెండు మూడుసార్లు దొర్లి, ఒక్కసారిగా గదినిండా నవ్వు.

"బావ" అంది భార్య వంటింటి గుమ్మంలోంచి.

వదిన నేలమీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో చూసేవాళ్ళకు తెలియలేదు, ఆవిడకూ తెలిసి ఉండదు. అక్కడే కూర్చుని చెప్పింది. పెళ్ళికి ముందు తనూ భర్తా కలిసి చేసిన రికార్డు అది. గిటారు ఆయనదే. స్టూడియో గడువు అయిపోవస్తుండగా ఆవిడ పాటలో ఒక మాట మరిచింది, ఆయన నవ్వాపుకోలేకపోయాడు, మళ్ళీ పాడే వ్యవధి లేక అలాగే ఉంచేశారు. రికార్డు బజారుకు రాకముందే స్టూడియో మూతబడింది, గోడౌన్‌లోకి నీళ్ళొచ్చాయి. చేతికిచ్చిన ఒక్క ప్రతిని ఎవరో రేడియోలో వేస్తామని పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. ఆయన పోయాక ఆ నవ్వు కోసం ఇల్లంతా వెతికిందట. ఫోటోలు బోలెడున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా దొరకలేదట.

ఇంత విన్నాక సూక్ష్మంగారి మనసులో మొదట మెదిలిన ప్రశ్న, ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసు అని. ఆయన్ను మరీ తప్పుపట్టడానికి లేదు, వృత్తిలో అలవాటైన ఆలోచన అది. తన తోడల్లుడి నవ్వును ఇరవై ఏళ్ళు ఎదురుగా కూర్చుని విని, దాన్నే ముసలివాడి చావుమూలుగని అచ్చువేసి, దానికి లోకమంతటి చేతా కన్నీళ్ళు పెట్టించిన మనిషి, సూక్ష్మంగా వినడమనే పేరుతో ఇక ఎలా బతకాలి? కవర్లు అచ్చయిపోయాయని, హాలు మాట్లాడారని, నెమ్మది వేగంలో ఆ పాటకు వేరే లోతు వచ్చిందని, కళలో పొరపాటు కూడా ఒక రకం సృష్టేనని నీళ్ళు నమిలారు. భార్య ఆయన వంక చూసిన చూపుకు ఆ చివరి వాక్యం సగంలో ఆగింది.

వదిన మాత్రం కోప్పడలేదు. "నాకు పేరొద్దు మరిదిగారూ, ఈ వయసులో పేరు పెట్టుకుని ఏం చేసుకుంటాను" అంది. "ఆ గొడుగు పాట ఒక్కటి సభలో సరైన వేగంలో వేయండి. అది మా ఆయన నవ్వని చెప్పండి. ఏడ్చాడని రాశారు మీరు. ఆయన జన్మలో ఏడవలేదు, నన్ను ఏడిపించడమే తప్ప."

సూక్ష్మంగారు మాటిచ్చారు. రికార్డు మాత్రం సంస్థవాళ్ళకు చూపించాలి గనక అప్పుడే ఇవ్వలేనని, సభలో కొత్త ప్రతి తీసుకోవచ్చనీ చెప్పారు. వదిన సరేనంది.

ఆ పదిరోజులూ ఆయన నిజంగానే మంచిమనిషి. ఇది ఆయన తరఫున చెప్పగలిగిన మాట కాబట్టి చెప్పెయ్యాలి. కూర్చుని ప్రసంగం రాశారు. అందులో నేను పొరబడ్డాను అన్న వాక్యం ఉంది, అదీ మొదటి పేజీలోనే. అద్దం ముందు నిలబడి ఆ వాక్యాన్ని రకరకాలుగా పలికి చూసుకున్నారు. గద్గదంగా పలికితే బాగుందనిపించింది. పొరపాటు ఒప్పుకునే పెద్దమనిషిగా తనకు రాబోయే చప్పట్లు కూడా కొంచెం వినిపించాయి. భార్య ఆ ప్రసంగం చదివి, చాలాకాలం తరవాత ఆయన కాఫీలో చక్కెర సరిగ్గా వేసింది.

సభరోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో కవిగారు, మెడచుట్టూ శాలువా. వేదిక మీద నల్లగుడ్డ కప్పిన బల్ల, దానిమీద ప్లేయరు, పక్కన దుకాణదారు కొత్త చొక్కాలో. వెనక గోడ నిండా పెద్ద బొమ్మ. వానలో తిరగబడ్డ గొడుగు పట్టుకుని, వీపు మాత్రమే కనిపిస్తున్న ముసలివాడు. వదిన, చెల్లెలు చివరి వరసల్లో కూర్చున్నారు. వదిన బాగా ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. పక్కన కూర్చున్నావిడ, ఈ నిట్టూర్పు విని తన భర్త తాగుడు మానేశాడని ఆమెతో చెప్పుకుంది.

మొదటి రెండు పాటలూ నెమ్మదిగా వేశారు. హాలు శ్వాస బిగపట్టి వింది. సూక్ష్మంగారు మైకు ముందుకు వచ్చి, మూడో పాటను ఇప్పుడు ప్రత్యేకంగా వినిపిస్తానన్నారు. పాట ముందు, ప్రసంగం తరవాత, అని ఆఖరి నిమిషంలో మార్చుకున్నారు. విన్నాక చెబితే చెప్పడం తేలికవుతుందనుకున్నారు. దుకాణదారుకు సైగ చేశారు, మీట అటు తొయ్యమని. దుకాణదారు గుడ్లప్పగించి చూశాడు. ఆయన మళ్ళీ సైగ చేశారు. దుకాణదారు తోశాడు.

పిల్ల గొంతు హాల్లోకి గెంతింది. గొడుగును తిట్టడం మొదలుపెట్టింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఆ తరవాత అక్కడక్కడా నవ్వులు. పాటకు వచ్చిన నవ్వులు కావవి. ఎవరి ప్యాంటు జిప్పో ఊడితే చూసి నవ్వే నవ్వులు. వెనక నుంచి ఎవరో ఈలవేశారు. చివరి వరసల్లో వదిన ముందుకు వంగి, ఎదుటి కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుంది. మరో నాలుగు పంక్తులు అయితే ఆయన నవ్వు వస్తుంది. ఆ నవ్వు కోసం పెదాలు విచ్చుకుని ఉన్నాయి ఆవిడవి.

ముందు వరసలో కవిగారు లేచి నిలబడ్డారు. "వేగం తప్పింది, చూసుకోండి" అన్నారు, బాధపడుతూనే. "మహానుభావుణ్ణి ఇలా అపహాస్యం చేయడం బాగాలేదు."

హాలంతా సూక్ష్మంగారి వైపు తిరిగింది. దుకాణదారు చెయ్యి మీట మీదే ఉంది. ప్రసంగం కాగితం సూక్ష్మంగారి చేతిలోనే ఉంది, వాక్యం మొదటి పేజీలోనే ఉంది, అద్దం ముందు ఎన్నిసార్లు పలికారో లెక్కలేదు. ఇదే అసలు వేగం అన్న మూడు ముక్కలు చాలు. ఆయన నోరు తెరిచారు. శాలువా వైపు చూశారు, గోడమీద ముసలివాడి వైపు చూశారు. చివరి వరసల వైపు మాత్రం చూడలేదు.

"క్షమించాలి" అన్నారు మైకులో. "యంత్రంలో ఏదో చిన్న లోపం."

దుకాణదారు హాయిగా ఊపిరి పీల్చుకుని మీటను వెనక్కి లాగేశాడు. గొంతు సాగి, జారి, అడుగుకు దిగిపోయింది. సరిగ్గా అప్పుడే మాట తడబడింది, గిటారు ఆగింది, పాతాళంలోంచి రెండు మూడు విరుపులుగా మూలుగు వచ్చింది. హాలు మొత్తం దానితో కలిసి నిట్టూర్చింది. కవిగారు కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, చాలాసేపు కొట్టారు. సూక్ష్మంగారి భార్య కుర్చీలోంచి లేచి, చప్పట్లు కొట్టేవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి నడిచింది. వదిన కుర్చీ వీపు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ప్రసంగం రెండో పేజీ నుంచి చదివారు సూక్ష్మంగారు. బాగానే చదివారని అందరూ అన్నారు.

తరవాత రికార్డుల అమ్మకం. కొన్నవాళ్ళంతా కవరు మీద ఆయన సంతకం కావాలని వరస కట్టారు. వరస హాలు గుమ్మం దాటి మెట్లమీదికి పోయింది. సూక్ష్మంగారు వంచిన తల ఎత్తకుండా సంతకాలు చేస్తూ పోయారు. తల ఎత్తకపోవడమే ఆ పూటకు క్షేమమనిపించింది. ఒక్కొక్కరు కవరు ముందుకు తోయడం, ఎవరి పేరున రాయమంటారని ఆయన అడగడం, వాళ్ళు చెప్పడం, ఆయన రాయడం. అలా సాగుతుండగా ఇంకో కవరు బల్లమీదికి వచ్చింది.

"ఎవరి పేరున రాయమంటారు?"

కవరు అంచు పట్టుకుని ఉన్న వేళ్ళు ఎవరివో అప్పటికి గుర్తుపట్టారు గానీ, తల మాత్రం పైకి లేవలేదు.

"ఎవరో తెలియదని మీరే రాశారు కదా మరిదిగారూ" అంది వదిన. "అదే రాయండి."

వెనక వరసలో జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు, ఎవరో తొందరపెడుతున్నారు. ఆయన అదే రాశారు. కింద సంతకం పెట్టి, తారీఖు వేసి ఇచ్చారు.